కువైటునుండి మరలివచ్చు తల్లులు

విదేశమున చిరకాలముండి వార్ధక్యమున స్వదేశమునకు మరలువారనగా మనలో పలువురకు, అమెరికానుండి వచ్చి తిరుపతిలో ఇల్లు కొనుక్కొను ఇంజనీరు దంపతులే స్ఫురింతురు. వారికి పొదుపు కలదు. జబ్బుచేసినచో స్విమ్సు ఆసుపత్రి కలదు. ఈ నెల మేము తలపెట్టినది వారి మాట కాదు. ఏండ్లతరబడి పరుల యింట వండి, కడిగి, బిడ్డల నెత్తి మరలివచ్చు తల్లి మాట.

2022 వరకు చిత్తూరు జిల్లాలోనుండిన పీలేరు, మదనపల్లె ప్రాంతములనుండియు, పొరుగున రాయచోటి, రాజంపేటలనుండియు ఎందఱో స్త్రీలు ఇంటిపనికై కువైటునకు పోవుచున్నారు. పదవతరగతి దాటని స్త్రీ ముప్పదియేండ్లు నిండనిదే ఇట్టి పనికి పోరాదని మన ప్రభుత్వపు కట్టుబాటు. కావున బిడ్డలకు తల్లి కావలసిన వయసుననే ఆమె కడలి దాటుచున్నది. అచ్చట ఎంతకాలము పాటుపడినను, అకామా తీరిన పిమ్మట నిలువ వీలులేదు. ఒక్కొక్కప్పుడు గడువైనను ఉండదు. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినప్పుడు, లక్షా డెబ్బదివేలకు పైబడిన మనవారిని అమ్మాను నగరము మీదుగా విమానములలో తేవలసివచ్చెను. ఎందఱో కట్టుబట్టలతో వచ్చిరి.

బడిపంతులుగారి యిల్లగుటచే పత్రములు చదివించుకొనుటకు మా యింటికి వచ్చువారు గలరు. తల్లి పంపిన సొమ్ముతో లేచిన మేడ భర్త పేరను, కొన్న స్థలము కొడుకు పేరను ఉండుట మేము పలుమారులు చూచితిమి. ఆమె పేర నున్నది పాసుపోర్టు ఒక్కటియే.

పూర్వము కాత్యాయనుడు స్త్రీధనమును చెప్పుచు, స్త్రీ చేతిపనివలన గడించినదానిపై భర్తకే స్వామ్యమనెను. ఆ మాట నేడు చెల్లదు. 1956నాటి హిందూ వారసత్వ చట్టము 14వ విభాగమున, స్త్రీ తన నేర్పుచేతను శ్రమచేతను ఆర్జించినది ఆమెకే సర్వస్వామ్యమని స్పష్టముగా నున్నది. చట్టము మాఱినను మన యిండ్లలో ఇంకను కాత్యాయనుడే ఏలుచున్నాడు.

తల్లికి బిడ్డలతో లెక్కలేమిటని కొంద ఱందురు. లెక్క లేనందుననే ఆమె అఱువదవయేట మాత్రల కొఱకు కోడలిని అడుగవలసివచ్చుచున్నది. అడిగించుకొను కోడలికిని అది సుఖము కాదు.

కావున పోవు సోదరికి మేము చెప్పునది ఇది: జీతము నీ పేరనున్న బ్యాంకు ఖాతాకే పంపుము, అందు కొంత ముట్టక నీ ముసలితనమునకు దాచి, మిగిలినదే ఇంటికిమ్ము. కువైటులో 2015నాటి 68వ చట్టము ప్రకారము, ఇంటిపనివారు పని ముగించి వచ్చునప్పుడు ఏడాదికొక నెల జీతము చొప్పున పొందవలసియున్నది. ఆ హక్కు అడుగుటకు ఒప్పందపత్రపు నకలును, జీతము ముట్టిన ఋజువులును భద్రపఱచుకొనుము.

ఇంటనున్నవారికి ఇంకొక మాట. వచ్చిన మఱునాడే ఆమె చేతికి గరిటె నీయకుడు. మగవాడు ఉద్యోగము విరమించిన దానిని విశ్రాంతి యందుము. తల్లి మరలివచ్చిన దానిని పని మార్పుగా నెంచుచున్నాము. ఆమె పంపిన ధనముతో చదివిన కూతురు, ఆమె ఖాతాపుస్తకము ముందు వేసుకొని, ఇది నీది, ఇంత యున్నది అని చదివి వినిపింపగలిగిననాడు ఆ చదువు సార్థకము.