వెనక మూత తీసేవాళ్ళు

పోయినవారం స్కాలర్‌షిప్ బకాయిల గురించి మొదలుపెట్టి, మిగతాది ఈ వారం రాస్తానన్నాను. క్షమించాలి, అది వచ్చేవారం. ఈలోపు మా కాలేజీలో ఒక ఆటబొమ్మ దగ్గర జరిగిన సంగతి నన్ను వదలడం లేదు.

యూనివర్సిటీలో నా రూమ్మేట్ ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటుంది. ఈసారి వచ్చినప్పుడు ఒక పాత గేమ్‌బాయ్ తెచ్చిచ్చింది. అక్కడెవరో ఇంటి ముందు పాత సామాన్లు పరిచి అమ్ముతుంటే కొన్నదట. 1989లో వచ్చిన మొదటి మోడల్. ఇటుక ఆకారం, బూడిద రంగు, వెనక నాలుగు పెన్సిల్ సెల్స్, లోపల టెట్రిస్ కార్ట్రిడ్జ్. ఆన్ చేస్తే పాట వస్తోంది గానీ తెర మీద పైనుంచి కిందికి ఏడెనిమిది గీతలు ఖాళీ. "పనిచెయ్యదులే, చూడ్డానికి పెట్టుకో" అంది. మేం హాస్టల్లో ఉన్నప్పుడు క్లాసు మొత్తానికి ఒక్క పిల్ల దగ్గరే బ్రిక్ గేమ్ ఉండేది. రెండు నిమిషాలు ఆడనివ్వడానికి మా చేత రికార్డులు రాయించుకునేది. ఆ జ్ఞాపకం కొద్దీ దీన్ని స్టాఫ్ రూమ్‌లో నా టేబుల్ మీద పెట్టుకున్నాను.

బీఏ సెకండియర్ పిల్లాడొకడు అసైన్‌మెంట్ ఇవ్వడానికి వచ్చి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. సాయంత్రాలు బస్టాండ్ దగ్గర ఒక మొబైల్ రిపేర్ షాపులో పనిచేస్తాడు, ఇంటర్ నుంచీ. "మేడమ్, దీని స్క్రీన్ పోలేదు. కింద స్ట్రిప్ లేచింది" అన్నాడు. నీకెట్ల తెలుసురా అంటే, కిరాణా షాపుల క్యాలిక్యులేటర్లలో కూడా ఇట్లాంటి గీతలే పోతయన్నాడు.

మర్నాడు సామాను తెచ్చుకున్నాడు. గేమ్‌బాయ్ వెనక స్క్రూలు మామూలువి కావు, వై ఆకారపు గాడి ఉంటుంది. కొన్నవాడు విప్పకూడదని కంపెనీ పెట్టిన చిన్న తాళం అది. వీడు పాత మైనస్ స్క్రూడ్రైవర్ మొనని ఆకురాయితో అరగదీసి విప్పేశాడు. తెర అద్దం నుంచి బోర్డుకి పోయే పల్చటి స్ట్రిప్ అతుకు మీద సోల్డరింగ్ ఐరన్‌ని నెమ్మదిగా, ఇస్త్రీ చేసినట్టు నడిపించాడు. ఒక్కో గీతా తిరిగొచ్చింది. పావుగంట పని. ఎక్కువసేపు ఆనిస్తే స్ట్రిప్ కాలిపోతుంది, తక్కువైతే అంటుకోదు. ఎంత వేడి అని అడిగితే చెప్పలేకపోయాడు. "చేతికి తెలుస్తది మేడమ్" అన్నాడు. మా తాత డప్పు కాచేటప్పుడు అదే మాట అనేవాడు. ఎంత కాగితే మోగుతుందో వేలితో తట్టి చూసి చెప్పేవాడు తప్ప, లెక్క చెప్పమంటే నవ్వేవాడు.

ఆ రాత్రి నేను చదవడం మొదలుపెట్టాను. నాకు తెలిసిన రోగం అదొక్కటే. చూస్తే, వీడు చేసిన పనినే అమెరికాలో, యూరప్‌లో, జపాన్‌లో వేలమంది హాబీగా చేస్తున్నారు. ఫోటోలు తీసి, ఒక్కో మెట్టూ రాసి పెడుతున్నారు. బాగుచెయ్యడం దాటి మార్చడం దాకా పోయారు. దాన్ని మోడింగ్ అంటారు, చేసేవాణ్ణి మోడర్ అంటారు.

ఎందుకు మారుస్తారో తెలియాలంటే ఆ మిషన్ పుట్టుక తెలియాలి. గేమ్‌బాయ్‌ని తయారుచేసిన బృందానికి పెద్ద గున్‌పే యొకోయి. 1965లో నింటెండోలో చేరినప్పుడు ఆయన ఉద్యోగం పేకముక్కలు తయారుచేసే యంత్రాల మెయింటెనెన్స్. (ఎలక్ట్రానిక్స్ డిగ్రీ ఉంది, ఆ మాట దాచను.) ఖాళీ టైములో సరదాకి చేసుకున్న ఒక సాగే చెయ్యి బొమ్మని కంపెనీ అధినేత చూశాడు. అది 1966లో మార్కెట్లోకి వచ్చింది, యొకోయి బొమ్మల తయారీలోకి మారాడు. ఆయన పద్ధతి ఒకటే: అందరూ వాడి వాడి చవకైపోయిన టెక్నాలజీని తీసుకుని ఎవరూ వాడని చోట వాడటం. క్యాలిక్యులేటర్ల పోటీలో చవకైపోయిన ఎల్‌సీడీ తెరలతోనే 1980లో గేమ్ అండ్ వాచ్ చేశాడు, గేమ్‌బాయ్ ఆ దారిలోదే. అంటే మా పిల్లాడు కిరాణా క్యాలిక్యులేటర్ నుంచి గేమ్‌బాయ్‌కి వేసిన అడుగు గుడ్డి ఊహ కాదు. ఆ రెండు తెరలూ చుట్టాలే.

ఆ తెరకి లైటు లేదు. నాలుగు షేడ్లు, 160 అడ్డం, 144 నిలువు చుక్కలు, అంతే. పోటీగా సెగా తెచ్చిన గేమ్ గేర్‌లో రంగులూ ఉన్నాయి, లైటూ ఉంది. కానీ ఆరు సెల్స్‌ని కొన్ని గంటల్లోనే తాగేసేది. లైటు లేని గేమ్‌బాయే గెలిచింది. రంగుల మోడల్‌తో కలిపి దాదాపు 11 కోట్ల 87 లక్షలు అమ్ముడుపోయాయి. కొత్త సెల్స్ కొనలేని పిల్లల లెక్కలో చూస్తే అది సరైన నిర్ణయమేనంటాను. కానీ 2001లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ వచ్చినప్పటికీ లైటు లేదు. ముదురు రంగుల ఆటలు, చీకటి తెర. కిటికీ పక్కన, దీపం కింద మెడ వంచి ఆడాలి.

అప్పుడు జనం మూత తీశారు. 2002లో ఆఫ్టర్‌బర్నర్ అనే కిట్ ఒకటి వచ్చింది. తెర మీద పెట్టే పల్చటి లైటు పలక, రెండు వైర్లు. పెట్టడం తేలిక కాదు. లోపలి ప్లాస్టిక్‌ని చెక్కాలి, ఫిల్మ్‌ని బుడగ రాకుండా అంటించాలి, ఒక్క దుమ్ము రేణువు చిక్కినా జీవితాంతం కనిపిస్తూనే ఉంటుంది. అయినా చేశారు. మరుసటి ఏడాది, 2003లో, కంపెనీ తనే లైటుతో ఎస్పీ మోడల్ తెచ్చింది. 2005లో ఇంకా మంచి బ్యాక్‌లైట్ తెరతో ఎస్పీ వస్తే, హాబీవాళ్ళు ఆ తెరని ఊడదీసి పాత అడ్వాన్స్‌లోకి మార్చుకున్నారు.

నాకు బాగా నచ్చింది మొదటి గేమ్‌బాయ్‌కి చేసే మార్పు. తెర వెనక అద్దంలా మెరిసే పొరని ఒలిచేసి, ఆ జాగాలో లైటు పెడతారు. అప్పుడు వెలుగొస్తుంది గానీ బొమ్మ పాలిపోతుంది. దానికి విరుగుడుగా పోలరైజర్ పొరని 90 డిగ్రీలు తిప్పుతారు. నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. ఆ తిరగబడ్డదాన్ని మళ్ళీ నిలబెట్టడానికి తెరకి పోయే సిగ్నల్ దారిలో 74హెచ్‌సీ04 అనే చిన్న చిప్ వేస్తారు. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో నాట్ గేటు చూపించడానికి వాడే చిప్పే. ఒకటిస్తే సున్నా, సున్నా ఇస్తే ఒకటి. రెండుసార్లు తలకిందులు చేస్తే బొమ్మ మామూలుగా ఉంటుంది, కానీ నలుపు నల్లగా ఉంటుంది. ఏ ఇంజనీరింగ్ కాలేజీ పాఠం కన్నా ఇది నాకు, ఒక తెలుగు లెక్చరర్‌కి, తొందరగా ఎక్కింది.

సంగీతం చేసేవాళ్ళు ఇంకో దారిన పోయారు. ఎల్‌ఎస్‌డీజే, నానోలూప్ లాంటి ప్రోగ్రాములు గేమ్‌బాయ్‌ని వాయిద్యంగా మార్చేశాయి. హెడ్‌ఫోన్ రంధ్రం దగ్గర రొద ఎక్కువని, లోపలి యాంప్లిఫయర్‌కి ముందే వైరు తీసి బయటికి వేరే సాకెట్ పెట్టుకుంటారు.

ఇదంతా విప్లవమని నేననను. సొంత గ్యారేజీ, తీరిక, డబ్బు ఉన్నవాళ్ళ సరదా ఇందులో చాలా ఉంది. ఇప్పుడు చైనా నుంచి ఐపీఎస్ తెర కిట్లు వస్తున్నాయి, కొన్నిటికి సోల్డరింగ్ కూడా అక్కర్లేదు. మంచిదే, కానీ కార్డు గీకి కిట్ తెప్పించి నాలుగు స్క్రూలు బిగించినంత మాత్రాన చెయ్యి తిరగదు. ఇంకోవైపు చట్టం ఉంది. తెర మార్చుకోవడం వేరు, ఆటల కాపీకి అడ్డుగా పెట్టిన తాళాన్ని పగలగొట్టే పరికరాలు అమ్మడం వేరు. స్విచ్ లాంటి కన్సోళ్ళకి అట్లాంటివి అమ్మిన టీమ్ ఎక్సిక్యూటర్ కేసులో గ్యారీ బౌజర్‌కి 2022లో అమెరికాలో 40 నెలల జైలు పడింది. మన కాపీరైట్ చట్టంలోనూ 2012 సవరణతో 65ఎ సెక్షన్ చేరింది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ళ దాకా జైలు. ఉద్దేశం అన్న ఆ మాట ముఖ్యం. దాన్ని దాటించి, మూత తీసిన ప్రతివాణ్ణీ దొంగలా చూడటం కంపెనీలకి లాభం.

ఇంత రాసింది గేమ్‌బాయ్ గొప్ప చెప్పడానికి కాదు. మా పిల్లాడి సంగతికి వస్తాను.

గేమ్‌బాయ్ బాగుపడిన వారానికి కాలేజీలో రెజ్యూమె ఎట్లా రాయాలో నేర్పే క్లాసు పెట్టారు. బయటి నుంచి ఒకాయన వచ్చాడు. మా వాడు "మొబైల్ రిపేర్, 3 సంవత్సరాలు" అని రాసుకున్నాడు. ఆయన ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేశాడు. "ఇట్లాంటివి రాస్తే ఇంప్రెషన్ పోతుంది. హాబీస్ దగ్గర గేమింగ్ అని రాయి" అన్నాడు. నేను వెనక బెంచీలోనే ఉన్నాను. లేచి ఏమీ అనలేదు. అతిథి కదా అనుకున్నాను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

చూడండి, గేమ్ ఆడటం రాసుకోదగ్గది, గేమ్ మిషన్‌ని బతికించడం దాచుకోవాల్సింది! అదే పని న్యూజెర్సీలో చేస్తే మోడర్, జగదీష్ మార్కెట్‌లో అద్దాల కౌంటర్ వెనక చేస్తే రిపేరోడు. అదే ఐరన్, అదే వేడి, చాలాసార్లు మనవాడి చెయ్యే వాటం. మంచి రచయితని మెచ్చుకోవాలంటే మనం చెయ్యి తిరిగినవాడంటాం. నిజంగా చెయ్యి తిరిగినవాడు ఎదురుగా వస్తే వాడి చేతిని రెజ్యూమెలోంచి కొట్టేస్తాం. చేతిపనిని ఒక మెట్టు కింద, చేసేవాళ్ళని ఇంకో మెట్టు కింద కూర్చోబెట్టిన ఈ ఏర్పాటు గురించి అంబేద్కర్ 1936లోనే రాశాడు. మెట్లు ఇప్పుడు ఏసీ సెమినార్ హాల్లో ఉన్నాయి, అంతే తేడా.

మోడర్ల దగ్గర నేను చూసి ఈర్ష్యపడింది వాళ్ళ పనిముట్లని కాదు, వాళ్ళ రాతని. ఏ బోర్డు మీద ఏ చుక్క దగ్గర వైరు వెయ్యాలో రాస్తారు, చేసిన తప్పూ రాస్తారు, ఇంకొకడు దాన్ని దిద్దుతాడు. కోఠి గుజరాతీ గల్లీలో, మా బస్టాండ్ షాపులో ఉన్న జ్ఞానం ఏ తక్కువ? కానీ అది ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుందే తప్ప కాగితం ఎక్కదు. రాయగలిగిన మాలాంటివాళ్ళకి ఐరన్ పట్టడం రాదు. ఎవరికి రాత, ఎవరికి పని అని పంచిపెట్టింది ఎవరో ఈ పేజీ చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

తెలుగులో దీనికి మాటల్లేవా అంటే ఉన్నాయి. చిల్లుపడ్డ బిందెలకి మాటు వేసేవాళ్ళు ఊళ్ళోకి వచ్చేవాళ్ళు, మాటు అంటే సోల్డరింగే. షాపుల్లో ఫ్లక్స్‌ని పేస్ట్ అంటారు, తెగిన దారికి వైరు కలపడాన్ని జంపర్ వెయ్యడం అంటారు. నా పీహెచ్‌డీలో వందల పేజీలు రాశాను, ఈ మాటల్లో ఒక్కటీ లేదు.

అందుకని వాడూ నేనూ ఒక ఒప్పందం చేసుకున్నాం. వాడు మూత తీసి చూపిస్తాడు, నేను తెలుగులో రాస్తాను, రాసింది వాడు దిద్దుతాడు. మొదటి పాఠం ఆ స్ట్రిప్ అతుకే. "చేతికి తెలుస్తది" అంటే కుదరదు, ఎన్ని సెకన్లో లెక్కపెట్టి చెప్పాలని పట్టుబట్టాను. మొన్న నేను కూడా ఐరన్ పట్టాను, వేలు కాల్చుకున్నాను. "మేడమ్, పెన్ను పట్టినట్టు పట్టుకోవాలె" అన్నాడు.

రెజ్యూమెలో ఆ లైను మళ్ళీ రాశాడు. ఈసారి కింద ఇంకో లైను కూడా: "1989 గేమ్‌బాయ్ డిస్‌ప్లే రిపేర్." ఎవరైనా కొట్టేస్తారేమో చూడాలి.

శనివారం సాయంత్రం 4 గంటలకి లైబ్రరీ పక్క గదిలో కూర్చుంటున్నాం. మీ ఇళ్ళల్లో చెడిపోయిన క్యాలిక్యులేటర్, బ్రిక్ గేమ్, రేడియో ఏదున్నా తీసుకురండి. ఉబ్బిన ఫోన్ బ్యాటరీలు మాత్రం తేవద్దు, అవి పేలతాయి.