మోటారుకు రాగి ఒక్కటే చాలదు, ఇనుమూ మంచిదై ఉండాలి

పైరు పొట్ట మీద ఉన్న సమయంలో మోటారు కాలిపోతే రైతు పడే అవస్థ ఇంతా అంతా కాదు. దాన్ని ఊడదీసి, ట్రాక్టరులో వేసుకుని, పట్నంలో వైండింగు షాపు ముందు పడిగాపులు కాయాలి. ఈలోగా మడి నెర్రెలిస్తుంది. అప్పు చేసి బాగు చేయించిన మోటారు ఒక పంట గడవకముందే మళ్ళీ పొగ కక్కుతుంది. మంచి తీగ వేయలేదని రైతు అంటాడు. ఓల్టేజి లేదని మెకానిక్ అంటాడు. లో ఓల్టేజి, ఒక ఫేజు పోవడం మోటార్లు కాలిపోవడానికి పెద్ద కారణాలన్న మాట నిజమే. కాని ఇద్దరూ పట్టించుకోని దోషి మరొకటి మోటారు లోపలే ఉండవచ్చు. అది ఇనుము.

మోటారు కొనేటప్పుడు రాగి ఎంత ఉందని అడగని రైతు లేడు. ఆ రాగి తీగను చుట్టిన ఇనుప రేకులు ఎటువంటివని అడిగేవారు మాత్రం అరుదు. తీగలో పారే కరెంటును అయస్కాంత శక్తిగా మార్చి మోటారును తిప్పడంలో ఈ రేకులదే ముఖ్య పాత్ర. మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుస్తుంది. ఇనుములోని అయస్కాంతత్వం కూడా అన్నిసార్లు అటూ ఇటూ తిరగాలి. తేలిగ్గా తిరిగే ఇనుమైతే నష్టం తక్కువ. మొండికేసే ఇనుమైతే ప్రతిసారీ కొంత కరెంటు వేడిగా మారిపోతుంది. అదిగాక, కాలువ మలుపులో నీరు సుళ్ళు తిరిగినట్టు ఇనుములో కూడా కరెంటు సుళ్ళు తిరుగుతుంది. అదీ వేడే. ఆ సుళ్ళను తెంచడానికే ఇనుమును దిమ్మెగా పెట్టక, పలుచని రేకులుగా కోసి, రేకుకూ రేకుకూ మధ్య కరెంటు పారకుండా పూత పూసి పేరుస్తారు. మోటారులో ఈ రేకు మందం సాధారణంగా అర మిల్లీమీటరు.

ఈ ఇనుమును బాగు చేయడానికి శాస్త్రజ్ఞులు నూరేళ్ళకు పైగా శ్రమిస్తున్నారు. ఇంగ్లండులోని షెఫీల్డుకు చెందిన రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1900 ప్రాంతంలో ఇనుములో సిలికాన్ కలిపి చూశాడు. సిలికాన్ అంటే ఇసుకలో ఉండే మూలకమే. నూటికి మూడు వంతుల వరకు కలిపితే సుళ్ళు బాగా తగ్గాయి. మరీ ఎక్కువ కలిపితే రేకు పెళుసుబారి విరిగిపోతుంది. 1934లో అమెరికాలో నార్మన్ గాస్ మరో మార్గానికి పేటెంటు పొందాడు. రేకును చల్లగా సాగదీసి, కాల్చి, లోపలి లోహపు గింజలన్నీ సాలు పట్టి నాటిన మొక్కల్లా ఒకే వరుసలో నిలిచేట్టు చేశాడు. నేటి ట్రాన్స్‌ఫార్మర్లలో ఎక్కువగా వాడేది ఆ జాతి రేకే. కరిగిన లోహాన్ని సెకనుకు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చి తీసే అమార్ఫస్ రేకు ఇంకా పలుచన. దానితో చేసిన ట్రాన్స్‌ఫార్మరులో లోడు లేనప్పటి నష్టం సుమారు మూడింట రెండు వంతులు తగ్గుతుంది. ధర మాత్రం ఎక్కువ.

ఇంత శ్రమతో తయారైన రేకును వైండింగు షాపుల్లో ఒక్క పూటలో పాడు చేయడం విచారకరం. బావి గట్టున ఉండే మోనోబ్లాకు వంటి వార్నిషు పట్టించిన మోటార్లలో కాలిన తీగ తేలిగ్గా ఊడి రాదు. అందుకని కట్టెలో, కిరోసినో వేసి నిప్పు పెడతారు. మంట ఎంత వేడెక్కిందో చూసేవారుండరు. వేడి సుమారు 370 డిగ్రీలు మించితే రేకుల మీది పూత దెబ్బతినవచ్చు. పూత పోతే రేకులు ఒకదానికొకటి కలిసిపోయి, సుళ్ళు మళ్ళీ మొదలవుతాయి. సుత్తితో కొట్టడం, ఆకురాయితో రాయడం కూడా ఇంతే చేటు. అటుపైన ఎంత మంచి రాగి వేసినా ఆ మోటారు వేడెక్కుతూనే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే తీగ పూత ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. కొలిమిలో వేడిని అదుపులో పెట్టి, పద్ధతిగా తిరిగి చుడితే మోటారు సామర్థ్యం తగ్గనవసరం లేదు. కాబట్టి తప్పు రీవైండింగుది కాదు, అజాగ్రత్తది.

కరెంటు ఉచితం కాబట్టి మోటారు ఎంత తాగితే రైతుకేమని కొందరు అనవచ్చు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులో ఉన్న మాట నిజమే. అయితే కాలిన మోటారు ఖర్చు, ఎండిన మడి నష్టం ఎవరూ ఉచితంగా భరించరు. అవి రైతు నెత్తినే పడతాయి. వృథా అయిన కరెంటు బిల్లు ప్రభుత్వ ఖజానా మీద, అంటే తిరిగి ప్రజల మీదే పడుతుంది.

ఊరి ట్రాన్స్‌ఫార్మరు సంగతి కూడా ఇటువంటిదే. ఊరంతా నిద్రపోయినా, లైను ఉన్నంతసేపూ దాని ఇనుము కరెంటు తింటూనే ఉంటుంది. నాసి రేకు వల్ల అదనంగా 100 వాట్లు పోయాయనుకుంటే, ఏడాదికి 876 యూనిట్లు. ఇరవై అయిదేళ్ళకు దాదాపు 22 వేల యూనిట్లు. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి విప్పిన రేకులను మళ్ళీ కోసి వాడటమనే దురలవాటు కూడా దేశంలో ఉంది. వంగినా, దెబ్బ తిన్నా ఈ రేకు గుణం తగ్గుతుంది. ధర తక్కువని కొన్న ట్రాన్స్‌ఫార్మరు చివరకు ఖరీదైనదే అవుతుంది.

ఇందుకు చేయవలసినవి అసాధ్యమైనవి కావు. మరమ్మతు చేసిన ప్రతి ట్రాన్స్‌ఫార్మరుకు లోడు లేని నష్టం ఎంతో కొలిచి, ఆ అంకెను దాని మీదే రాసి ఊరికి పంపాలి. ఈ పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు, వాట్‌మీటరు చాలు. వైండింగు పనివారికి ఐటీఐలలో కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి, వేడి అదుపులో ఉండే కొలిమి కొనుక్కోవడానికి బ్యాంకు రుణం ఇప్పించాలి. వారి బతుకు తెరువును తప్పుపట్టినందువల్ల ప్రయోజనం లేదు.

రైతులు కూడా కొత్త మోటారు కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర, నక్షత్రాల గుర్తు చూడాలి. రిపేరుకు ఇచ్చినప్పుడు, ‘మంట పెట్టవద్దు’ అని గట్టిగా చెప్పాలి. తిరిగి తెచ్చుకునే ముందు షాపులోనే లోడు లేకుండా తిప్పించి, ఎన్ని ఆంపియర్లు, ఎన్ని వాట్లు తీసుకుంటున్నదో చూసి రాసుకోవాలి. మళ్ళీ రిపేరు వచ్చినప్పుడు ఆ అంకెతో పోల్చుకోవచ్చు. విత్తనం కొనేటప్పుడు గింజను కొరికి చూసే రైతుకు ఇది పెద్ద పని కాదు.