చక్రం వస్తే బండి వచ్చినట్టే

బండి బొమ్మలు నేర్చుకుందామనుకునే మన సాఫ్ట్‌వేర్ జనాలు ముందు చేసే పని, ఫోటో పెట్టి ట్రేస్ చేసెయ్యడం. నా మటుకు నాకు అది దండగ. బొమ్మ బానే ఉంటుంది గానీ చేతికి ఏమీ రాదు.

అసలు చిక్కంతా చక్రం దగ్గరే. కాస్త ఏటవాలుగా చూస్తే అది గుండ్రం కాదు, దీర్ఘవృత్తం. దాని పొట్టి అక్షం ఇరుసు వెంబడే ఉండాలి. ఇదొక్కటి తప్పితే ఎంత షేడింగ్ చేసినా బండి పంచరైనట్టే ఉంటుంది.

మొదలెట్టడానికి 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ భేషైన బండి. ఎక్కువ ఒంపులే, స్కేలుకి పెద్దగా పనుండదు (అదే కావాలి మనకి). పెన్సిల్‌తో పల్చగా పెట్టె గీసి అందులో కారుని ఇరికించండి. ఇంకు గీత మాత్రం భుజం కదిలిస్తూ ఒక్క ఊపులో లాగాలి. కంట్రోల్ జడ్ ఉండదు కాబట్టి గీసేముందు చూడ్డం అలవాటవుతుంది. ఇంకు పూర్తిగా ఆరాకే రబ్బరు పెట్టండి, లేదంటే మొత్తం అలుక్కుపోతుంది.