రాజీ ఎవరిది? పోయింది ఎవరిది?



మన గల్ఫ్ గ్రూపులో ఒకాయన రాసిండు: "గొడవ ఎందుకన్నా, రాజీ పడుండ్రి. అమెరికాలో బానిసల విషయంలో రాజీ కుదరకనే అంతర్యుద్ధం వచ్చింది, ఆరు లక్షల మంది చచ్చిపోయిండ్రు" అని. నేను చదివింది పదో తరగతే. కానీ ఈ చరిత్ర పట్టుబట్టి చదివిన. ఆయన చెప్పింది ఉల్టా.

అక్కడ రాజీలు తక్కువైతే కదా! 1787లో రాజ్యాంగం రాసేటప్పుడే సీట్ల లెక్కకు ఐదుగురు బానిసలను ముగ్గురి కింద లెక్కపెట్టుకున్నరు. ఓటు బానిసకు లేదు, సీట్లు మాత్రం యజమానుల రాష్ట్రాలకు పెరిగినయి. 1820లో మిస్సోరీ మీకు, మెయిన్ మాకు అని పంచుకొని మ్యాపు మీద గీత గీసిండ్రు. 1850లో కాలిఫోర్నియాలో బానిసత్వం వద్దన్నరు. బదులుగా, పారిపోయిన బానిసలను పట్టిచ్చే చట్టాన్ని గట్టి చేసిండ్రు.

ఆ చట్టం ఏందో వినుండ్రి. పట్టుబడ్డోనికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. కమిషనర్ అతన్ని యజమానికి అప్పగిస్తే 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5. దాచిపెట్టినోనికి 1000 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు. 1854లో బోస్టన్‌లో ఆంథోనీ బర్న్స్ అనే మనిషిని సైనికుల కాపలా మధ్య నడిపించి, ఓడ ఎక్కించి, వర్జీనియాకు వాపస్ పంపిండ్రు. ఈ రాజీలకు పెద్దమనిషి హెన్రీ క్లే. ఆయన ఇంట్లోనే బానిసలుండిరి!

అదే 1854లో కాన్సాస్-నెబ్రాస్కా చట్టం తెచ్చి 1820 గీతను కూడా చెరిపేసిండ్రు. కాన్సాస్‌లో రక్తం పారింది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు, నల్లోళ్లు అసలు ఈ దేశ పౌరులే కాలేరన్నది. 1790 జనాభా లెక్కల్లో దాదాపు 7 లక్షలున్న బానిసలు 1860కి దాదాపు 40 లక్షలైండ్రు. రాజీలు సాధించింది ఇదే. పగిలిన పిల్లర్‌కు ప్లాస్టర్ కొట్టుకుంట అంతస్తు మీద అంతస్తు లేపిండ్రు. 1861లో కూలింది. మరి తప్పు కూలినప్పటిదా, ప్లాస్టర్ కొట్టినప్పటిదా?

మనం బానిసలం కాదు. మన పిల్లలను ఎవరూ వేలం వెయ్యరు. వాళ్ల బాధతో మన బాధను పోల్చుడు న్యాయం కాదు. కానీ రాజీ కుదిర్చే పద్ధతి చూడుండ్రి. నాకు తెలిసిన ఒక క్యాంపులో ఐదు నెలల జీతం ఆగింది. "రెండు నెలలది తీసుకొని, అంతా ముట్టిందని సంతకం పెట్టుండ్రి, టికెట్ ఇస్తం" అన్నరు. లోపల కూర్చొని మాట్లాడింది మేనేజరు, ఏజెంటు. జీతం రావాల్సినోళ్లు గేటు బయట ఎండలో ఉన్నరు.

రాజీ అసలే వద్దని నేను అనను. సైట్ మీద రోజూ పడుతనే ఉంటం. కానీ ఇద్దరూ తమది తాము వదులుకుంటేనే అది రాజీ. ఇద్దరు కలిసి మూడోవాని సొమ్ము పంచుకుంటే అది రాజీ కాదు, దోపిడీ.

రేపు మీ ముందటికి కాగితం వస్తది. చదివించుకోకుండా సంతకం పెట్టకుండ్రి. పోయేది మీదైతే, మాట్లాడేకాడ కుర్చీ కూడా మీకు వెయ్యమనుండ్రి.