మూతవేసిన గుట్ట, మూయలేని ఊట

హైదరాబాదు నగరపు ఈశాన్యపు కొసను జవహర్‌నగర్ కడ, అడుగున ఏ రక్షణపొరయు పఱవకయే ఏండ్ల తరబడి పోసిన సుమారు 1 కోటి 20 లక్షల టన్నుల పాత చెత్తపై మట్టిని, ప్లాస్టికు పొరలను కప్పి గడ్డి పెంచుటతో, ఆ గుట్ట దూరమునుండి చూచువానికి పచ్చని తిప్పవలె కనబడుచున్నది. ప్రక్కనే క్రొత్త చెత్త యథాప్రకారముగా వచ్చుచునే యున్నను, పాత గుట్ట సంగతి తీరిపోయినదను భావము మనలో చాలమందికి కలిగినది. దిగువనున్న మల్కారం చెఱువు ఆ గుట్ట ఊటతో, అనగా లీచేటుతో, నల్లబడిన వైనమెఱిగినవారు మాత్రము గడ్డిని చూచి ఊరడిల్లజాలరు.

కప్పు వాననీటిని లోనికి దిగనీయదు. దానివలన క్రొత్త ఊట తగ్గును. కాని గుట్ట గర్భమున నానియున్న తడి కుళ్ళుచు క్రిందికి జాఱుచునే యుండును. నేలలో ఇదివఱకే ఇంకినదానిని ఏ కప్పును వెనుకకు తీయజాలదు. కనుకనే 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు, మూసిన పిదప కనీసము 15 సంవత్సరములు స్థలమును కనిపెట్టియుండవలెననియు, సరిహద్దునుండి 50 మీటర్లలోపలి భూగర్భజలమును వేసవియందు, వర్షాకాలమందు, వర్షానంతరమందు పరీక్షింపవలెననియు, అసలు చెత్త వేయుటకు పూర్వమే ఆ నీటి గుణములను నమోదుచేసి భద్రపఱుపవలెననియు విధించినవి. ఈ కడపటి విధి పాత గుట్టల విషయమున అక్కఱకు రానిది. మొదటి లారీ చెత్త దింపిననాడు అచ్చటి నీటిని సీసాకెత్తి చూచినవారెవ్వరు? ఆ లోటును కొంతవఱకు తీర్చునది, గుట్టవైపునకు నీరు వచ్చు దిక్కున ఒక బావియు, గుట్టను దాటి పోవు దిక్కున కొన్ని బావులును వేసి, రెంటి నీటిని పోల్చుట.

అయితే వచ్చు దిక్కేదో పోవు దిక్కేదో తేల్చుటయే ఈ నేలలో కష్టము. హైదరాబాదు క్రిందనున్నది గ్రానైటు రాయి. ఇసుకనేలలోవలె నీరు అంతటను సమముగా వ్యాపింపక, పైని శిథిలమైన మొరపనేలలో కొంత నిలిచి, అటుపై రాతి నెఱ్ఱెలవెంట పాఱును. నెఱ్ఱె తగిలిన బోరులో నీళ్ళు పొంగును, పది గజముల దూరపు బోరులో దుమ్ము లేచును. బోరు వేయించిన ప్రతి గృహస్థునకును ఇది అనుభవమే. ఇట్టి రాతిలో 50 మీటర్ల గీత వెంబడి నాలుగు బావులు వేసి, నాల్గింటను నీరు బాగున్నదని నివేదిక వ్రాసినచో, ఆ నాల్గును కలుషిత ధార నడచు నెఱ్ఱెను తప్పినవేమోయను శంక తీఱదు. పైగా చుట్టుపట్ల కాలనీలవారు లోతైన బోర్లనుండి ఎడతెగక తోడుచుండగా, వాలునుబట్టి ఎటో పోవలసిన నీరు ఆ మోటార్ల లాగుడునకు మఱల గుట్ట క్రిందినుండి వారివైపే తిరుగవచ్చును. కావున బావులన్నిటను ఒకేదినమున నీటిమట్టము కొలిచి ప్రవాహదిశను నిర్ణయింపనిదే, నీటి నమూనాల అంకెలకు అర్థము చెప్పుట చీకటిలో బాణము వేయుటయే.

అంకెలను చదువుటయందును ఒక పొరపాటు పరిపాటియైనది. సీసము లేదు, కాడ్మియము లేదు, కావున నీరు క్షేమమని తలంచుట న్యాయము కాదు. భారలోహములు బంకమట్టికి అంటుకొని వెనుకబడును. క్లోరైడు మాత్రము దేనికిని అంటక నీటితో సమానముగా నడచును. బావిలో ఏటేట క్లోరైడు పెరుగుచున్నదన్న, తక్కినవి వెనుక వచ్చుచున్నవేమోయని అనుమానింపవలెను. అట్లే గుట్టకు దగ్గఱ ప్రాణవాయువు కొఱవడిన నీటిలో నైట్రేటు నిలువదు. కనుక దాని లేమి పరిశుభ్రతకు చిహ్నము కాజాలదు, అమ్మోనియాను చూచుకొనవలెను. ఆ నీటిలోనే ఇనుము కరగియుండును. బిందెకు పట్టిననాడు తేటగానున్న నీరు మఱునాటికి ఎఱ్ఱబాఱి అడుగున తుప్పు తేఱుట అందువలననే. ఈ మార్పు సీసాలోనైనను జరుగును. బావిలో నిలువనీటిని ముందు తోడిపోసి, తాజానీటిని పట్టి, లోహపరీక్షకైన భాగమును అచ్చటనే వడగట్టి ఆమ్లము చేర్పనిచో, ఇనుము అడుగునకు దిగి, తోడి లోహములను కొన్నిటిని వెంటబెట్టుకొని పోవును. ప్రయోగశాల యెంత గొప్పదైనను దోషమెల్ల బోరుకడనే జరిగిపోవును.

ఇన్ని చిక్కులు గల పనిని, గుట్టను నిర్వహించు సంస్థయే చేసి, దాని ఫలితములను తనకు అనుమతులిచ్చు కార్యాలయమునకు మాత్రము సమర్పించుట చాలదని నా అభిప్రాయము. ప్రతి బావి యొక్క స్థానము, లోతు, నీటిమట్టము, క్లోరైడు ఋతువారీగా ఒక తెలుగు పట్టికలో ఆ వార్డు కార్యాలయపు గోడకు ఎక్కినచో, బోరునీరు త్రాగవచ్చునా, గిన్నెలకే వాడవలెనా అన్నది ఆ వీథివారు తామే తేల్చుకొందురు. ఇక 15 సంవత్సరముల గడువు: అమెరికాలో అది 30 సంవత్సరములు. రాతి నెఱ్ఱెలలో నడచు ఊటకు మన గడువు చాలునో లేదో పిమ్మట వాదింపవచ్చును. కప్పు వేయుట ఆరంభించిన దినమునుండి లెక్కింతురా, పూర్తియైన దినమునుండియా, లేక చివరి లారీ చెత్త పడిన దినమునుండియా అన్నది ముందు తేదీతో సహా ఆ పట్టిక శిరమున వ్రాయవలెను.