షోకేసు ఓడ నీళ్లకెక్కాలంటే...

షోకేసులోనో, టీవీ పక్కనో ఓ కొయ్య ఓడ. తెల్లటి తెరచాపలు, దారంతో కట్టిన తాళ్లు, పొడుగాటి స్తంభాలు... వైజాగ్ వెళ్లినప్పుడు కొన్నదో, పెళ్లిరోజుకి ఎవరో ఇచ్చిందో! వేసవి సెలవుల్లో పిల్లలకు ఏదో ఒకరోజు అనుమానం రాకమానదు. 'ఇది నిజంగా తేలుతుందా?' అని. పెద్దవాళ్లు చూడకుండా టబ్బులో వదుల్తారు. అది ఒక్క క్షణం నిలబడి, నెమ్మదిగా పక్కకు ఒరిగి పడుకుంటుంది. గంట గడిస్తే అతుకులు ఉబ్బి విచ్చుకుంటాయి.

పాపం, ఓడ తప్పేం లేదు. చూడ్డానికి చేసినదే కానీ ఈదడానికి చేసింది కాదు. బరువంతా పైనున్న స్తంభాల్లోనే ఉంటుంది. అడుగున ఏమీ ఉండదు. రంగు బయటివైపే వేస్తారు. లోపలి చెక్కకు ఏ రక్షణా లేదు.

మరి దాన్ని తేలేలా చేయడం ఎలా? ఆ పాఠం కోసం ఓడరేవుల దాకా వెళ్లక్కర్లేదు. సముద్రం జాడే లేని పాలమూరులో ఉంది... పుట్టి!

మక్తల్ దగ్గరి పంచదేవ్‌పహాడ్ నుంచి కృష్ణ మధ్యలోని కురవపురం క్షేత్రానికి వెళ్లే భక్తులకు ఇది బాగా తెలుసు. చూడబోతే వెదురు బద్దలతో అల్లిన పెద్ద బుట్ట. అల్లిక వరకే అయితే అందులో నీళ్లు పోసినా చుక్క నిలవదు. పూర్వం దానికి బయట తోలు తొడిగేవారు. తర్వాత ప్లాస్టిక్ పట్టాలు, డాంబర్ పూత వచ్చాయి. 1520ల్లో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా తుంగభద్ర మీద ఇలాంటి తోలు పడవల గురించి రాశాడు. పదిహేను ఇరవై మంది ఎక్కుతారట, అవసరమైతే గుర్రాల్నీ ఎద్దుల్నీ దాటిస్తారట! ఆ తుంగభద్రే అలంపురం దాటాక కృష్ణలో కలుస్తుంది.

పుట్టిలో కిటుకేంటంటే, అల్లిక బలాన్నిస్తుంది, నీటిని ఆపే పని పూతది. షోకేసు ఓడకూ అంతే. ముందు పాత రంగును గరుకు కాగితంతో రుద్ది తీసేయాలి. చెక్కలో తడి పూర్తిగా ఆరాలి. ఇక్కడ తొందరపడితే మిగతా కష్టమంతా వృథా. పైతట్టు ఊడదీయగలిగితే లోపలి అతుకుల్లో ఎపాక్సీ జిగురు నింపాలి. ఆపైన లోపలా బయటా రెజిన్ పూత, ఒకటి ఆరాక ఇంకొకటి. బయట పల్చటి ఫైబర్‌గ్లాస్ గుడ్డ అతికిస్తే మరీ మంచిది. ఒట్టి వార్నిష్‌ని నమ్ముకోవద్దు. ఈ పని గాలి ఆడేచోట, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని పెద్దవాళ్లే చెయ్యాలి.

ఇంతా చేసి నీళ్లలో పెడితే ఓడ మళ్లీ ఒరుగుతుంది! నీళ్లు చొరకపోవడం వేరు, బోల్తా పడకపోవడం వేరు. పుట్టి వెడల్పుగా, అడుగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి బరువు కట్టకపోయినా నిలుస్తుంది. అయినా అందరూ ఒకే అంచుకు జరిగితే, వరద విసిరికొడితే అదీ ఆగదు. 2020 ఆగస్టులో ఉప్పొంగుతున్న కృష్ణలో పంచదేవ్‌పహాడ్ దగ్గరే పుట్టి బోల్తాపడి నలుగురు గల్లంతయ్యారు. చిల్లు లేనంత మాత్రాన పడవ భద్రమనుకోవడానికి లేదు.

సన్నటి ఓడకు ఆ వెడల్పు లేదు. కాబట్టి అడుగున బరువు కావాలి. ఇనుప నట్లు చాలు. వాటిని ఓడ పొట్టలో నడిమధ్యన, వీలైనంత కిందగా పేర్చి జిగురుతో బిగించాలి. వదులుగా ఉంటే, ఓడ ఒరిగినప్పుడు అవీ అటే దొర్లి ఇంకా ముంచేస్తాయి. ఎంత వెయ్యాలి? కిలో బరువున్న ఓడ తేలాలంటే లీటరు నీటిని పక్కకు నెట్టాలి. అంత చోటు దాని పొట్టలో లేకపోతే మునగక తప్పదు. టబ్బులో ఒక్కో నట్టు వేస్తూ, వేలితో పక్కకు వంచి వదలాలి. దానంతటదే లేచి నిలబడితే బరువు సరిపోయినట్టే.

చెరువుకు తీసుకెళ్లే ముందు ఇంకో పరీక్ష ఉంది. ఓడను తూకం వేసి, గంటసేపు నీళ్లలో వదిలి, తుడిచి మళ్లీ తూచాలి. ముల్లు కాస్త పెరిగినా ఎక్కడో చెక్క నీళ్లు తాగుతోందన్నమాట. ఆ చోటు వెతికి, ఆరబెట్టి, ఇంకో పూత వెయ్యాల్సిందే. చెరువులో వదిలేప్పుడు మాత్రం వెనక పురికొస కట్టడం మరవొద్దు. తెరచాపకి గాలి తగిలితే ఓడ ఒడ్డుకు రమ్మంటే రాదు!