రంగులకూ గణవిభజన కావాలి

మంచి మానిటరూ అనుభవమున్న కన్నూ ఉంటే చాలునట, వేవ్‌ఫారమూ వెక్టర్‌స్కోపూ వట్టి ఆర్భాటమట! చిత్రాలకు రంగులు దిద్దే కుర్రవారిలో కొందరి వాదమిది. లక్షలు పోసి పెట్టె కొననిదే రంగుల జోలికి పోరాదనేది మరికొందరి వాదం. నాకు రెండూ సమ్మతం కావు.

కన్ను పోల్చగలదే గాని కొలవలేదు. పక్కనున్న రంగును బట్టి రంగు మారి కనబడుతుందని ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ 1839లోనే గ్రంథం వ్రాశాడు. పసుపు తిరిగిన దృశ్యాన్ని చీకటిగదిలో గంటసేపు చూస్తే కన్ను దానినే తెలుపనుకొంటుంది. చెవికి ఇంపుగా ఉన్నదని గణాలు విడదీయకుండానే సీసపద్యానికి మార్కులు వేస్తామా? వేవ్‌ఫారం వెలుగును కొలుస్తుంది. పెరేడ్ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల తూకం చెబుతుంది. వెక్టర్‌స్కోపు వర్ణాన్నీ దాని గాఢతనూ చూపుతుంది.

అసలు సంగతి ముఖాలది. మేనిచాయ ఏదైనా, తటస్థమైన వెలుగులో చర్మవర్ణం వెక్టర్‌స్కోపు మీద ఇంచుమించు ఒకే గీత చెంత పడుతుంది. తేడా ముఖ్యంగా వెలుగులోనూ గాఢతలోనూ ఉంటుంది. అలాంటప్పుడు చామనచాయ ముఖాన్ని సరిచేస్తున్నానంటూ తెల్లబరచేవాడు ఏ దోషాన్ని దిద్దుతున్నట్లు? తన దురభిప్రాయాన్ని తెరకు పులుముతున్నాడంతే.

ఇక ఖరీదు మాట. అంతర్జాలంలో పెట్టే చిన్న చిత్రానికి డావిన్సీ రిజాల్వ్ ఉచిత ప్రతిలోని స్కోపులే చాలును. అయితే అవి చూసేది ప్రోగ్రాము లోపలి చిత్రాన్నే గాని, తీగ దాటి బయటికి వచ్చిన సంకేతాన్ని కాదు. విద్యార్థి తన జవాబుపత్రాన్ని తానే దిద్దుకొన్నట్లన్నమాట! 8 బిట్ల వీడియోలో నలుపు 16, తెలుపు 235. 0 నుండి 255 వరకూ పరచి పంపినదాన్ని అవతలి యంత్రం 16–235 అనుకొంటే నీడలలోని వివరం నలుపులో మునుగుతుంది, వెలుగులు తెగిపోతాయి. ఈ తప్పు లోపలి స్కోపుకు అందకపోవచ్చు.

అందుకే టీవీ ప్రసారానికి అప్పగించేవారికి ఎస్‌డీఐ తీగకు తగిలించే విడి స్కోపు ఉండవలసిందే. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ వారి ఆర్ 103 సిఫారసు మూడు వర్ణాంశాలనూ −5 నుండి 105 శాతం హద్దులలో ఉంచమంటుంది. హెచ్‌డీఆర్ పని చేసేవారికైతే వెలుగును నిట్లలో చూపే కొలబద్ద కావాలి. పిక్యూ పద్ధతి 10,000 నిట్ల దాకా పోతుంది మరి.

కనుక ముందుగా అడుగవలసినది ధర కాదు, నా చిత్రం ఎవరి తెరకు చేరుతుందన్నది. మానిటరుకు లక్ష పెట్టి, కొలతకు ఉచితంగా దొరికే స్కోపునైనా తెరచి చూడనివారిని నేను కళాకారులనలేను. కాదనేవారు కారణంతో వ్రాయండి, చర్చకు నేను సిద్ధం.